ఎనభై ఆరు ఎడమ ముక్కలు

బస్సు డిపోలో ఆమెను అందరూ పానక్క అంటారు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పానా ఉంటుంది కనుక ఆ పేరు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే సుఖంగా ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె కింద దూరని బస్సు లేదు, ఆమె మాట వినని బోల్టు లేదు. "ఇది నా వల్ల కాదు" అని ఆమె అనగా విన్నవాళ్ళూ లేరు. అనాల్సిన సందర్భాలు రాలేదని కాదు, ఆ అలవాటు లేదు, అంతే.

అటువంటి మనిషి డ్యూటీ దిగి, మోచేతుల దాకా గ్రీజు కడుక్కుని, ఇంటికెళ్ళి బొమ్మ ఇటుకలతో సముద్రపు దొంగల ఓడలు కడుతుందంటే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి చూస్తే వాళ్ళే నోరు మూసుకుంటారు. గోడ పొడవునా సొరుగులు. సొరుగుకో రంగు, రంగులో మళ్ళీ ఆకారం వారీగా అరలు. మేకు తలంత ముక్క కావాలన్నా కళ్ళు మూసుకుని తీసిస్తుంది. ఫిరంగులకో సొరుగు, తాళ్ళకో సొరుగు, చిలకలకో సొరుగు. కొయ్యకాళ్ళు మాత్రం ఖాళీ మందు సీసాలో ఉంటాయి.

ఈ ఇటుకల లోకంలో జనం రెండు రకాలు. డబ్బాలో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ తప్పకుండా, బొమ్మలో ఎలా ఉంటే అలా కట్టేవాళ్ళు ఒక రకం. డబ్బాలన్నీ విప్పి, ముక్కలన్నీ ఒక్కచోట కుప్పపోసి, తమ బుర్రకు తోచింది కట్టేవాళ్ళు ఇంకో రకం. వీళ్ళకు చూసి కట్టడానికి పుస్తకం ఉండదు, తప్పు జరిగితే తిట్టుకోవడానికి ఇంకో మనిషీ ఉండడు. పానక్క ఈ రెండో రకం.

రెండింటిలోనూ చేరని మూడో రకం మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పానక్క అక్క మొగుడు. మందుల షాపు నడుపుతాడు. బట్టతల, నిప్పులు కడిగే శుభ్రం. ఆయన ఓడలు కొంటాడు గాని కట్టడు. ఎవరో కట్టినదాన్ని కట్టినట్టే కొని తెచ్చి, గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. వారానికోసారి మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతాడు. ఇంటికొచ్చినవాళ్ళను ఆ బీరువా ముందు నిలబెట్టి, "ముట్టుకోకండి" అంటాడు. షాపులో అలవాటే కదా, ఏదైనా అద్దం అవతల ఉంటేనే ఆయనకు మనశ్శాంతి.

ఆ బీరువా నడిమి అరలో ముప్ఫై అయిదేళ్ళ కిందటి దొంగల ఓడ ఒకటి ఉంది. చారల తెరచాపలు, నాలుగు ఫిరంగులు, కోతి, చిలక, తాళం పెట్టె, అన్నీ ఉన్నాయి. లేనివాడు ఒక్క కెప్టెన్. చుక్కాని చక్రం దగ్గర వేలెడంత ఖాళీ. బావగారికి ఆ ఖాళీ పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉంటుంది, మనిషి ఎంత వద్దనుకున్నా నాలుక అక్కడికే పోతుంది.

ఆ కెప్టెన్ పానక్క చొక్కా జేబులో ఉంటాడు. అక్కాచెల్లెళ్ళ చిన్నప్పుడు నాన్న తెచ్చిన అదే రకం సెట్టులో వాడు. సెట్టు ఎప్పుడో చెదిరిపోయింది, దాని ముక్కలు ఎన్ని ఓడల్లో ఎన్నిసార్లు కలిసి విడిపోయాయో లెక్క లేదు. కెప్టెన్ మాత్రం మిగిలాడు. కంటి మీది నల్ల గంత అరిగిపోయి ఇప్పుడు రెండు కళ్ళతోనూ చూస్తున్నాడు. మీసం సగం పోయింది. ఒక చేతికి కొక్కెం ఇంకా గట్టిగానే ఉంది. వాడు జేబులో ఉంటే తుప్పు పట్టిన బోల్టు కూడా చెప్పినట్టు తిరుగుతుందని పానక్క నమ్మకం.

బావ ఆరేళ్ళుగా వాణ్ణి అడుగుతున్నాడు. ఆరేళ్ళుగా ఒకటే జవాబు.

"మీరు కట్టిన ఓడైతే ఇచ్చేదాన్ని బావా. ఎవరో కట్టినదాన్ని తెచ్చి అద్దంలో బంధించారు. అందులోకి మా కెప్టెన్ ఎక్కడు."

"ప్లాస్టిక్ బొమ్మకి కూడా పౌరుషమేనా?"

"బొమ్మకి లేకపోతే పోయింది, నాకుంది."

ఏటా ఇటుకల సంఘం వాళ్ళు పెద్ద హాలు తీసుకుని ప్రదర్శన పెడతారు. హాలు మధ్యలో బల్లలన్నీ కలిపి ఒక రేవు పట్టణం పరుస్తారు. కోటలు, గిడ్డంగులు, దీపస్తంభం, చుట్టూ నీలం ముక్కల సముద్రం. ఆ సముద్రం నడుమ ఉన్న బల్ల మీద ఒకే ఒక్క ఓడకు చోటు. అది ఎవరి ఓడ అన్నది సంఘం పెద్ద అయిన డ్రాయింగు మాస్టారు చెబుతారు. పన్నెండేళ్ళుగా సంఘంలో ఉన్నా పానక్కకు ఆ చోటు రాలేదు. ఈ ఏడు వచ్చింది.

ఆ కబురు తెలిసిన రోజు అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ ఊరుకోలేదు.

"నడిమి బల్లంటే మాటలు కాదు మరదలా. పోయినేడు నీ కోటకి పైకప్పే లేదు."

"గాలి ఆడాలని వదిలేశాను బావా."

"గడువు చాలలేదని చెప్పు. ఈసారి కూడా ఏదో ఒకటి తక్కువ పడుతుంది, రాసిపెట్టుకో."

"తక్కువ పడితే?"

"ఆ కెప్టెన్ని నాకివ్వాలి."

"బొమ్మల కోసం పందాలేంటండీ, చిన్నపిల్లల్లాగా" అంది అక్క. ఆమె మాట ఎవరికి కావాలి? పానక్క నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"సరే. ప్రదర్శన రోజు పదింటికి మాస్టారు నా ఓడని నడిమి బల్ల మీద ఒప్పుకోకపోతే కెప్టెన్ మీ వాడు. మరి ఒప్పుకుంటే?"

"నీ ఇష్టం. ఏదంటే అది."

"మీ ఓడని ఆఖరి ముక్క దాకా విప్పి, మళ్ళీ మీ చేత్తో మీరే కట్టాలి."

బావ మొహం పాలిపోయింది. బీరువా వైపు ఒకసారి చూశాడు, పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తగ్గితే మరదలి ముందు తల కొట్టేసినట్టవుతుంది.

"పుస్తకం చూసి కట్టొచ్చా?" అని మెల్లగా అడిగాడు.

"చూసుకోండి, పాపం" అంది పానక్క.

అది ప్రదర్శనకు రెండు నెలల ముందు మాట.

ఓడ కట్టడంలో పానక్కకు తనదైన పద్ధతి ఉంది. ముందు బస్సుకు చాసిస్ వేసినట్టు అడుగున గట్టి చట్రం వేస్తుంది. దాని మీద పక్కటెముకలు లేపుతుంది. ఆ తర్వాత ఓడ పొట్ట వంపు కుదిరిందో లేదో చూసుకోవడానికి, ఎరుపో పచ్చో చేతికందిన ముక్కలతో ఒక వైపు మాత్రమే కట్టి చూస్తుంది. కుదిరాక ముక్కలు లెక్కపెట్టి, కావలసిన రంగులో తెప్పిస్తుంది. ఈసారి ఆమె పట్టుబట్టింది పాత కాఫీ రంగు. ఆ రంగు తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడొచ్చే కాఫీ రంగులో ఎరుపు పాలు ఎక్కువ. మామూలు కళ్ళకు తేడా తెలియదు, సంఘం వాళ్ళ కళ్ళకు గుమ్మంలోనే తెలుస్తుంది. పాత సెట్లు విప్పి విడి ముక్కలు అమ్మే మనిషి ఒకడు దూరాన దొరికాడు. పంపడానికి ఐదు వారాలు పడుతుందన్నాడు.

పానక్క ముక్క నెంబరు చూసింది. ఒక వైపుకు ఎనభై ఆరు పట్టాయి. చీటీ మీద నెంబరు రాసి, పక్కన ఇంటూ రెండు వేసి, మొత్తం నూట డెబ్భై రెండు అని పంపేసింది. డిపోలో ఇరవై రెండేళ్ళుగా ఆమె రాసే చీటీ అదే. బ్రేకు డ్రమ్ములు రెండు, స్ప్రింగులు రెండు, బేరింగులు రెండు. బస్సుకు ఎడమ చక్రంలో పట్టే సామాను కుడి చక్రంలోనూ పడుతుంది. ఎడమా కుడీ అని ఎవరడిగారు గనక?

ఓడ వంపు ముక్కలకు ఎడమ వేరు, కుడి వేరు. నెంబర్లూ వేరే. పన్నెండేళ్ళుగా ఆమెకు తెలిసిన సంగతే, చేతికి మాత్రం గుర్తు లేకపోయింది.

ముక్కలు ప్రదర్శనకు వారం ముందు వచ్చాయి. ఆదివారం పొద్దున్నే కూర్చుని ఎడమ వైపు కట్టింది. పన్నెండింటికల్లా అయిపోయింది. ఒక్కో వంపూ పక్కదానిలో ఒదిగి, ఓడ పొట్ట మట్టికుండలా నునుపుగా తేలింది. తన పని తనకే ముద్దొచ్చి కాసేపు చూసుకుంది. ఆ తర్వాత ఓడ తిప్పి కుడి వైపు మొదటి ముక్క పెట్టింది, కూర్చోలేదు. రెండోది పెట్టింది, అదీ కూర్చోలేదు. సంచి మొత్తం బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్కటే తిప్పి చూసింది.

ఆదివారమని చూడ్డానికొచ్చిన అక్క టీ పెట్టి తెచ్చేసరికి చెల్లెలు బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ చేతులు ఖాళీగా ఉండడం అక్క ఎప్పుడూ చూడలేదు.

"ఏమైందే?"

"నూట డెబ్భై రెండూ ఎడమవే అక్కా."

అక్కకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆపుకోలేక నవ్వేసింది.

"చెప్పులు కొనడానికెళ్ళి రెండూ ఎడమకాలివే తెచ్చుకున్నట్టుంది! మళ్ళీ తెప్పించలేవా?"

"ఐదు వారాలు. మనకున్నది ఆరు రోజులు."

"పోనీ వేరే రంగుతో?"

"అతుకుల బొంత అవుతుంది. దానికంటే కెప్టెన్ని ఇచ్చేయడం నయం."

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి దానంతటదే జేబు మీదకు పోయింది. భయం వేసింది. బస్సు కింద జాకీ జారినప్పుడు కూడా వెయ్యని భయం. వాడు గాజు వెనక, తాళం వెనక, ఎవరో కట్టిన ఓడలో, చక్రం పట్టుకుని నిలబడి ఉండడం కళ్ళకు కట్టింది. అక్క నవ్వు మానేసి చెల్లెలి భుజం మీద చెయ్యి వేసింది.

"మీ బావకి చెప్పనులే."

చెప్పనులే అంది గాని, అక్క నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికే బావకు తెలిసిపోయింది. ఆయన బీరువా తాళం తీసి, చక్రం దగ్గరి ఖాళీని కుంచెతో ప్రత్యేకంగా దులిపాడు.

సోమవారం డిపోలో మూడో గుంత దగ్గర ఒక బస్సు మరమ్మతుకొచ్చి ఉంది. పక్కనుంచి లారీ గీసుకుపోయింది. ఒక వైపు రేకులన్నీ విప్పి గోడకు చేరేశారు. లోపలి ఇనుప పక్కటెముకలు, సీట్లు, ఎవరో మరచిపోయిన గొడుగు, అన్నీ బయటికి కనిపిస్తున్నాయి. పానక్క దాని ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఆ బస్సును సగం బస్సు అని ఎవరూ అనడం లేదు. పనిలో ఉన్న బస్సు అంటున్నారు.

మరి ఓడలకు డిపో ఎక్కడుంటుంది?

పాత పుస్తకమొకదానిలో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సముద్రపు దొంగలకు ఏ రేవులోనూ చోటివ్వరు కదా. అందుకని ఎవరూ లేని ఇసుక ఒడ్డు చూసుకుని, పోటు నీటితో ఓడను పైకి లాగి, తాళ్ళు కట్టి ఒక పక్కకు ఒరగబెట్టేవాళ్ళు. అడుగున పట్టిన గుల్లలు గీకి, కుళ్ళిన పలకలు మార్చి, తారు పూసి, మళ్ళీ నీళ్ళలోకి తోసేవాళ్ళు. డబ్బా సెట్లలో దొంగలు ఎప్పుడు చూసినా ఫిరంగులు పేలుస్తూనే ఉంటారు. వాళ్ళ ఓడ పొట్ట ఎవరు కడుగుతారని ఎవరికీ తట్టదు. తట్టాలంటే ఓ మెకానిక్ కావాలి.

మంగళవారానికల్లా ఇసుక రంగు ముక్కలతో ఒడ్డు తయారైంది. ఓడను దాని మీద ఒరగబెట్టింది. కట్టిన ఎడమ వైపు పైకి, లేని కుడి వైపు ఇసుకలోకి. నలుగురు దొంగలు నిచ్చెనలెక్కి గుల్లలు గీకుతున్నారు. చూడముచ్చటగా ఉంది. లోటు ఉందని పుట్టించినవాడు కూడా పట్టుకోలేడు.

బుధవారం పొద్దున దాన్ని చూస్తూ టీ తాగుతుంటే టీ చప్పగా అనిపించింది. సంఘానికి మూడు నియమాలున్నాయి. అంటించకూడదు, కొయ్యకూడదు, దాచకూడదు. తలుపులు తెరిచే ముందు ఎవరి కట్టుబడిని వాళ్ళు చేతులతో పైకెత్తి అన్ని వైపులా చూపించాలి. అయితే ఆమెను ఆపింది నియమం కాదు. కిందటేడు ఒక డ్రైవరు తుప్పు మీద రంగు పూయించి బస్సు తెచ్చి, "కొత్తదానిలా లేదూ?" అన్నాడు. పానక్క గోటితో గీకి చూపించి బండిని వెనక్కి పంపింది. ఆ రోజు అతన్ని అన్న మాటలు ఇప్పుడు ఆమెకే వినిపించాయి.

"ఎవరి కళ్ళల్లో దుమ్ము కొడదామనుకున్నావే" అని తనను తాను తిట్టుకుని, ఓడ ఎత్తి అవతల పెట్టి, ఇసుక ఒడ్డు మొత్తం విప్పేసింది.

శనివారం తొమ్మిదిన్నరకు హాల్లో ఎవరి బల్ల దగ్గర వాళ్ళున్నారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో చిన్న ప్లాస్టిక్ డబ్బీ పెట్టుకుని వచ్చాడు. కెప్టెన్ని తీసుకెళ్ళడానికట ఆ డబ్బీ, అడుగున దూది కూడా పరిచాడు. అక్క ఆయన పక్కన తప్పు చేసినదానిలా నిలబడింది.

నడిమి బల్ల మీద గుడ్డ తీసింది పానక్క.

ఇసుక ఒడ్డు మీద ఓడ ఒరిగి ఉంది. లేని కుడి వైపు పైకి ఉంది. పలకలు లేవు. పక్కటెముకలు బారుగా కనిపిస్తున్నాయి, వాటి సందుల్లోంచి ఓడ కడుపంతా కనిపిస్తోంది. ఊయల పడకలు, పీపాలు, పప్పుల బస్తా మీద నిద్రపోతున్న ఎలుక, వంటవాడు, వాడు ఎవరికీ తెలియకుండా తింటున్న చేప. ఒడ్డున తారు కాగుతున్న బాన, దాని కింద నారింజ రంగు మంట. పక్కన కాఫీ రంగు పలకలు పద్ధతిగా పేర్చి ఉన్నాయి. ఎనభై అయిదు పలకల దొంతర. దొంతర ముందు ఒక వడ్రంగి, చేతిలో ఎనభై ఆరో పలక. ఓడ మీది ఖాళీకి పలక ఆనించి చూస్తున్నాడు, అది అటు తిరిగి ఉంది, ఖాళీ ఇటు తిరిగి ఉంది. రెండో చెయ్యి తల మీద పెట్టుకున్నాడు. వాడి వెనక ఇసుకలో కొక్కెం చెయ్యి పైకెత్తి, సగం మీసంతో, రెండు కళ్ళతోనూ చూస్తూ కెప్టెన్ నిలబడ్డాడు.

జనం మూగారు. డ్రాయింగు మాస్టారు కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఆయన పన్నెండేళ్ళలో ఎవర్నీ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే చెడిపోతారని ఆయన భయం.

"మాస్టారూ," అన్నాడు బావ ముందుకొచ్చి, "చుట్టరికం సంగతి పక్కన పెట్టి చెబుతున్నాను. ఇది సగం ఓడ. పైనే ఇలా ఉంటే ఇసుకలో ఉన్న వైపు సంగతేంటి? దాచకూడదని మీ నియమం కదా. ఎత్తి చూపించమనండి."

"నియమం అందరికీ ఒకటే. ఎత్తమ్మా" అన్నారు మాస్టారు.

పానక్క చేతులు చొక్కాకు తుడుచుకుంది. చట్రం కింద రెండు చేతులూ పెట్టి, గజం పొడవున్న ఓడను బస్సు బ్యాటరీ ఎత్తినంత మామూలుగా పైకెత్తింది. ఏదో టక్కుమని రాలింది. రాలింది చిలక. ఓడలో ఒక్క ముక్క కదల్లేదు.

ఎత్తి, తిప్పింది. ఇసుకలో ఉన్న ఎడమ వైపు హాలు దీపాల కిందకు వచ్చింది. ఎనభై ఆరు వంపు ముక్కలు ముక్కు నుంచి వెనక దాకా ఒక్క గీతగా, ఎక్కడా సందు లేకుండా, ఒకే పాత కాఫీ రంగులో మెరిశాయి. బావ జేబులోని డబ్బీని ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

మాస్టారు ఆ వంపు మీద వేలు పెట్టి చివరిదాకా రాశారు.

"ఇంత బాగా చేసిన వైపు ఇసుకలో పెట్టి, లేని వైపు పైకి పెట్టావేమిటమ్మా?"

"డిపోకొచ్చిన బస్సుకి బాగున్న వైపు చూసి పంపించేస్తే ఎలా మాస్టారూ? పాడైన వైపే ఎదురుగా పెట్టుకుంటాం. పని అక్కడే కదా ఉంటుంది."

"ఆ వైపు కావాలనే వదిలేశావా, తప్పు జరిగిందా?"

పానక్క ఓడను నెమ్మదిగా ఇసుకలో దించి, రాలిన చిలకను తెరకొయ్య మీద పెట్టింది. తర్వాత తల ఎత్తి అందరికీ వినపడేలా చెప్పింది.

"తప్పే జరిగింది. ఎడమా కుడీ చూసుకోకుండా అన్నీ ఎడమవే తెప్పించాను. ఆ దొంతరలో ఉన్నవి అవే. తల పట్టుకున్న ఆ వడ్రంగిని నేనే. తప్పు వరకే పొరపాటు మాస్టారూ, మిగతాదంతా కావాలని చేశాను."

మాస్టారు వంగి వడ్రంగిని చూశారు. వాడి చేతిలోని పలకను చూశారు, ఎదురుగా ఉన్న ఖాళీని చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏమైందోనని ఇద్దరు ముగ్గురు కంగారుపడ్డారు గాని, ఆయన నవ్వుతున్నారు, అంతే. అలవాటు లేని నవ్వు కదా, బయటికి రావడానికి దారి వెతుక్కుంది.

"తలుపులు తియ్యండి," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ, "ఓడ ఇక్కడే ఉంటుంది."

గోడ గడియారం పదికి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అక్క మొగుడి జేబులోంచి దూది డబ్బీ తీసి తన సంచిలో వేసుకుంది.

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని ఊరికే అన్నారటండీ? పదండి, ఇంటికెళ్ళి బీరువా తాళం తీద్దురు గాని."

బావ మాట తప్పే మనిషి కాదు. మర్నాడే భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఓడ దించి, మొదటి తెరచాప ఊడదీశాడు. పన్ను పీకించుకుంటున్నవాడిలా కళ్ళు మూసుకున్నాడని అక్క చెప్పింది. మాత్రలు లెక్కపెట్టే పళ్ళెంలో ముక్కలు రంగుల వారీగా ఏరాడు. చిన్నవాటిని పట్టకారుతో పట్టుకున్నాడు. మొదటి ఆదివారం పుస్తకంలో నాలుగు పేజీలు కూడా దాటలేదు. సాయం చేస్తానని పానక్క వెళితే గుమ్మంలోనే ఆపేశాడు.

"నీ పందెంలో నా చేత్తో అని ఉంది. వెళ్ళమ్మా, వెళ్ళు."

రెండో ఆదివారం షాపు మధ్యాహ్నమే కట్టేసి వచ్చాడట. మూడో ఆదివారం భోజనానికి పిలిస్తే పలకలేదట. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి, "నిన్ను రమ్మంటున్నారు" అంది.

పానక్క దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఆరేళ్ళుగా తను అంటున్న మాట ఒకటుంది కదా, మీరు కట్టిన ఓడైతే ఇచ్చేదాన్నని. ఇప్పుడు ఆయన కట్టాడు. మాట మాటే. కెప్టెన్ని పాత టూత్‌బ్రష్‌తో కడిగి, తుడిచి, జేబులో పెట్టుకుని వెళ్ళింది. మెట్లెక్కుతుంటే జేబు తడిమి చూసుకుంది, అయినా అడుగు ఆపలేదు.

ఓడ బల్ల మీద ఉంది, బీరువాలో లేదు. వెనక వైపు రెండు ముక్కలు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పానక్క వాటిని చూసీ చూడనట్టు ఊరుకుంది. జేబులో చెయ్యి పెట్టి ముందుకు వంగింది, వంగినది అక్కడే ఆగిపోయింది.

చుక్కాని చక్రం దగ్గర ఖాళీ లేదు. అక్కడ తెల్లకోటు బొమ్మ ఒకటి నిలబడి ఉంది. ఏదో ఆసుపత్రి సెట్టులోది. టోపీ లేదు, తల మీద వెంట్రుక లేదు, చేతిలో చిన్న మందు సీసా.

"పుస్తకంలో లేదు, నాకు తెలుసు" అన్నాడు బావ గబగబా. "ఎక్కడా ఏ సెట్టులోనూ ఇలా ఉండదు. అయినా నేను కట్టిన ఓడ. నా ఇష్టం."

"పదిహేను రోజులు కష్టపడింది నేనైతే, చక్రం ఇంకొకడి చేతికెందుకు ఇవ్వాలి అంటున్నారు" అని అక్క వంటింట్లోంచి అరిచింది.

పానక్క ఆ బట్టతల కెప్టెన్ని చూసింది, బావను చూసింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. జేబులోని చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

"బాగున్నాడు బావా. దొంగల్లో జ్వరం వచ్చినవాడికి దిక్కయ్యాడు."

బావ సొరుగు తీసి మందుల కవరు ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. షాపులో రాసినట్టే దాని మీద పెన్నుతో రాసి ఉంది. రోజుకు ఒకటి, భోజనం తర్వాత. లోపల పదకొండు వంపు ముక్కలున్నాయి. పాత కాఫీ రంగు. అన్నీ కుడివే.

"నాలాగే బీరువాలు నింపుకునే స్నేహితులున్నారులే. అందరినీ అడిగాను. ఇంకా వెతుకుతున్నారు."

పానక్క కవరు జేబులో పెట్టుకుంది. థాంక్స్ చెప్పడం కూడా మరచిపోయి ఇంటికి నడిచింది.

గదిలో దీపం వేసి ఓడ ముందు కూర్చుంది. కెప్టెన్ని ఇసుకలో అతని చోట నిలబెట్టింది. వడ్రంగి చేతిలోని ఎడమ పలక తీసి దొంతర మీద పెట్టి, కవరులోంచి ఒకటి తీసి వాడి చేతికిచ్చింది. వాడి చెయ్యి పట్టుకుని, పలకను పక్కటెముక మీద ఆనించి నొక్కింది. అది టక్కుమని కూర్చుంది. మిగిలిన పది కూడా ఆ పూటే పెట్టేసింది, మందుల చీటీ మాట ఆమె ఎప్పుడు విన్నది గనక? పెట్టాక లెక్కచూసుకుంది. ఇంకా డెబ్భై అయిదు కావాలి.